అడవి సాకిందన్నారు

రక్తం మరక చన్నీళ్ళకే పోతుంది. వేణ్ణీళ్ళు పోస్తే బట్టను పట్టుకుని వదలదు. ఆ సంగతి ఏ ఆడదానికీ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆపియా పట్నంలో తుపాకులు పేలిన మర్నాడు, ఆదివారం పొద్దున, చర్చి గంట మోగుతుండగా నేను సముద్రపు ఒడ్డున ఊటనీళ్ళ గుంటలో కూర్చుని నా మొగుడి చొక్కా ఉతుకుతున్నాను. ఆ రక్తం సెమిసిది కాదు. ఊరేగింపులో అతని పక్కన నడిచిన మనిషిది. ఆ మనిషి పేరు సెమిసికి కూడా తెలియదు.

మా అత్తగారు పెలే వచ్చి నా వెనక నిలబడింది.

"ఆదివారం పూట ఉతుకుడేమిటే? సవాయి దీవి నుంచి తెచ్చుకున్న పిల్లకి దేవుడి భయం లేదనుకోరూ నలుగురూ?"

"రేపటిదాకా ఉంచితే పోదు అత్తయ్యా."

"పోకపోతే ఉండనీ. నా కొడుకు ఎక్కడ నిలబడ్డాడో అందరికీ తెలుస్తుంది." కాసేపు చొక్కా వంక చూసి గొంతు తగ్గించింది. "సరే, ఉతుకు. ఇంటి ముందు మాత్రం ఆరెయ్యకు."

జర్మనీ దొరలు పోయి న్యూజిలాండ్ దొరలు వచ్చాక మా సమోవా మాకు కాకుండా పోయింది. వాళ్ళ ఏలుబడి మొదట్లోనే, జబ్బు మనుషులున్న ఓడను రేవులోకి రానిచ్చారు. ఆ జ్వరంలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ దుఃఖం లోపల మగ్గి మగ్గి చివరికి మావు అయింది. మావు అంటే పట్టు. పన్ను కట్టం, వాళ్ళ మాట వినం, సమోవా సమోవా వాళ్ళదే అని పట్టిన పట్టు. నీలం చుట్టుబట్ట మీద తెల్ల గీత దానికి గుర్తు. ఆ శనివారం మనవాళ్ళు చేతిలో కర్ర కూడా లేకుండా నడిచారు. వాళ్ళ మీదే తుపాకులు పేల్చారు. ఆ తర్వాత మావు నేరమన్నారు, నీలం బట్ట కట్టడం నేరమన్నారు. రేవులో యుద్ధనౌక వచ్చి నిలిచింది. మగవాళ్ళందరూ కొండల మీది అడవిలోకి వెళ్ళిపోయారు.

సెమిసి వెళ్ళేటప్పుడు చొక్కా ఇంకా తడిగానే ఉంది. దాన్నే తొడుక్కున్నాడు.

"అమ్మని చూసుకో. తాలితా అక్కకి పని చెప్పకు. అక్క చేతులు పాడైతే ఊళ్ళో మా పరువు పోతుంది."

"మరి అక్కడ మీకు తిండి?"

"ఎవరో ఒకరు తెస్తారులే," అన్నాడు, చొక్కా గుండీ పెట్టుకుంటూ.

ఆ ఎవరో ఒకరు నేనేనని అతనికి తెలుసా అని చాలాసార్లు ఆలోచించాను. తెలిసే ఉంటుంది. ఉదయం లేచేసరికి నీళ్ళు నిండి ఉంటాయి, చాపలు ఎండలో పడి ఉంటాయి, భోజనం దగ్గర ఈగలు తోలడానికి ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ తల తిప్పి చూడరు. పుట్టింట్లో నేనూ తాలితా లాంటిదాన్నే. మా అన్నలు నా ముందు ఒక మోటు మాట అనేవారు కారు, వలలో పడ్డ మంచి చేప నాకే పెట్టేవారు. మా ఊళ్ళల్లో ఇంటి ఆడపిల్లకు ఉన్న గౌరవం పెద్దలకు కూడా ఉండదు. కానీ పడవ దిగి ఈ ఉపోలు దీవికి వచ్చి ఈ ఇంటి గులకరాళ్ళ మీద కాలు పెట్టిన రోజునుంచి నేను కోడల్ని. కోడలు వెనక వంటపాకలో తింటుంది. అందరూ తిన్నాక తింటుంది. ఊరి ఆడపిల్లల కూటంలో ఆమెకు చోటు లేదు. చచ్చాక పాతిపెట్టడానికి కూడా ఈ ఊరి నేల ఆమెది కాదు, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోవాలి. ఇక్కడ నన్ను గౌరవించనివాళ్ళూ, అక్కడ తమ ఇంటికొచ్చిన కోడల్ని గౌరవించని మా అన్నలూ, ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

మగవాళ్ళు వెళ్ళారు గాని మగవాళ్ళ పని వెళ్ళలేదు. రాళ్ళ పొయ్యి కాల్చడం, చేమదుంపలు తవ్వడం, కొబ్బరికాయలు దింపడం, కావడి మొయ్యడం, ఇవన్నీ మాలో మగవాళ్ళవి. ఇప్పుడవి వచ్చి ఆడవాళ్ళ పని మీద కూర్చున్నాయి. పెలే మోకాళ్ళు పట్టేసిన మనిషి. తాలితాతో చెయ్యించకూడదు. ఇక మిగిలింది నేను, నా కడుపులో బిడ్డ. అప్పటికి కడుపు బాగానే కనిపిస్తోంది.

నాకు తోడు లెపేకా అవ్వ. పక్కింటి ముసలావిడ. మొగుడు ఆ పెద్ద జ్వరంలో పోయాడు, పిల్లలూ పోయారు. కాటుక లాంటి పొగాకు చుట్ట నోట్లో పెట్టుకుని, కావడి కర్ర భుజాన వేసుకుని, నాకంటే ముందు నడిచేది.

"పెళ్ళయి వచ్చినప్పుడు నాకు పళ్ళన్నీ ఉన్నాయి పిల్లా. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఇంకా నన్ను 'ఆవలి ఒడ్డు పిల్ల' అనే అంటారు ఈ ఊళ్ళో," అనేది దారిలో. "చచ్చేదాకా పిల్లనే. బాగుంది కదూ?"

నేను నవ్వేదాన్ని. నవ్వితే పొట్ట లాగేది.

"జ్వరం రోజుల్లో మగాళ్ళు లేవలేకపోయారు. లేచి తిరిగిన ఆడవాళ్ళమే గోతులు తవ్వాం. ఒక్కో చాపలో ఇద్దరినేసి చుట్టాం. అప్పుడు పట్టాను నేను ఈ పట్టు. ఊరేగింపులూ నీలం బట్టలూ తర్వాత వచ్చాయి."

ఆ మాట అంది, మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది. ఆవిడ పేరు ఏ పెద్దా ఏ సభలోనూ చెప్పగా నేను వినలేదు.

మగవాళ్ళు దాక్కున్న చోటికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేవాళ్ళం. వాగు పైన, అరటాకులు కప్పిన పందిళ్ళ కింద, తడిసి ముద్దయి కూర్చునేవాళ్ళు. గడ్డాలు పెరిగాయి, కాళ్ళు పుళ్ళు పడ్డాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆకు విప్పి దుంపలు పెట్టాను. సెమిసి కొరికి, పక్కవాళ్ళ వంక చూసి నవ్వాడు.

"లోపల పచ్చిగా ఉంది. రాళ్ళు బాగా ఎర్రబడేదాకా ఆగాలి ఎసెతా. ఆకు ఇంకో రెండు పొరలు వెయ్యాలి. నేను చేసినప్పుడు ఎప్పుడైనా ఇలా ఉండేదా?"

"ఆడాళ్ళ చేతి రాళ్ళ పొయ్యి మరి," అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు. నవ్వడానికి వాళ్ళకు ఏదో ఒకటి కావాలి, పోనీలే అనుకున్నాను. అతను వణుకుతున్నాడని, నేను కప్పుకున్న చాప తీసి అతని భుజాల మీద వేశాను. కప్పుకున్నాడు. మరి నీకో, అనలేదు. చిరిగిన చుట్టుబట్ట ఒకటి కుట్టి తెమ్మని ఇచ్చాడు. తిరిగి వస్తుంటే మాత్రం వెనకనుంచి పిలిచి, "కొడుకైతే మా నాన్న పేరు పెడదాం," అన్నాడు. ఆ ఒక్క మాటతో దిగేటప్పుడు కొండ తేలికనిపించింది. అంత చిన్న మాటతో కడుపు నింపుకునే అలవాటు నాకు అప్పటికే అయిపోయింది.

సిపాయిలు ఒక ఉదయం వచ్చారు. తుపాకుల చివర కత్తులు, వెంట ఆపియా నుంచి తెచ్చుకున్న దుబాసీ. ఇళ్ళ తడికలు పీకారు. మడతపెట్టిన చాపలన్నిటినీ కత్తులతో పొడిచారు, వాటి మధ్య మనుషులు దాక్కున్నారేమోనని. పెలే తను నగలా దాచుకున్న పెళ్ళినాటి సన్నచాప మీద కూర్చుని లేవనంది. ఇద్దరు పట్టుకుని పక్కకు జరిపారు. ఆవిడ ఆ చాపకు పడ్డ చిల్లు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.

అడవిలో మగాళ్ళకి తిండి ఎవరు మోస్తున్నారని దుబాసీ అడిగాడు. తాలితా ముందుకొచ్చింది. మా ఆడపడుచు నడిస్తే గాలి పక్కకు తప్పుకుంటుందా అన్నట్టుంటుంది.

"ఈ ఊరి ఆడపిల్లలు బరువులు మొయ్యరు," అంది.

అది నిజమే.

"మరి ఆమె?" దుబాసీ నా కాళ్ళు చూశాడు. కొండ మీది ఎర్రమట్టి పాదాలకు అంటుకునే ఉంది. ఒక సిపాయి వచ్చి నా పొట్ట మీద కర్ర చివర ఆనించి, ఏదో అని నవ్వాడు. పక్కవాడూ నవ్వాడు. దుబాసీ ఆ మాట మా భాషలో చెప్పలేదు. చెప్పకపోవడం చూసి ఎలాంటి మాటో తెలిసింది.

"ఆమె ఎవరూ కాదు," అంది తాలితా. "కోడలు. పరాయి ఊరిది. ఆమెకు ఎవరు ఏం చెప్తారు?"

దుబాసీ మా సమోవా మనిషే. కోడలంటే ఏమిటో అతనికి తెలుసు. సిపాయితో ఏదో చెప్పాడు, కర్ర వెనక్కి వెళ్ళింది. వాళ్ళు పందులను రెండింటిని కాల్చి, ఊరి పడవకు చిల్లు పెట్టి వెళ్ళిపోయారు.

"ఏమనుకోకు. నిన్ను కాపాడదామనే అన్నా," అంది తాలితా తర్వాత.

"తెలుసు వదినా."

తెలుసు. ఆ మాట నన్ను కాపాడిందనీ తెలుసు. కానీ అది అనడానికి ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అబద్ధం చెప్పేటప్పుడు మనిషి ఎక్కడో ఒకచోట తడబడుతుంది. తాలితా తడబడలేదు.

ఆ తర్వాత సిపాయిలు కొండ దారి మొదట్లో కాపలా పెట్టారు. పైకి తిండి వెళ్ళలేదు. అప్పుడే ఆడవాళ్ళ మావు గురించి కబురొచ్చింది. మగవాళ్ళు దాక్కుంటే ఆడవాళ్ళమే దారిలో నడుద్దాం, ఆడదాన్ని ఎలా కాలుస్తారో చూద్దాం అని పెద్దింటి స్త్రీలు ఊరూరా కబురు పంపారు. తాలితా కళ్ళు వెలిగిపోయాయి. ఊరి ఆడపిల్లలను పోగుచేసింది. దాచిన నీలం బట్టలు బయటికొచ్చాయి.

"నాది ఉతికి మడతపెట్టు ఎసెతా. గీత తెల్లగా కనబడాలి."

ఉతికాను. ఆరేశాను. మడతపెట్టి చేతికిచ్చేటప్పుడు అడిగాను, "నేనూ రానా వదినా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వొస్తే పైకి బుట్టలు ఎవరు తీసుకెళ్తారు? మేం నడిస్తే సిపాయిలందరూ రోడ్డు మీదికే వస్తారు. కొండ దారి ఖాళీగా ఉంటుంది. ఈ రోజే వెళ్ళాలి."

సరైన మాటే. ఎప్పుడూ సరైన మాటే చెప్తారు. ఆ రోజు వాళ్ళు పాడుకుంటూ నడిచారట. జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చి చూశారట. సిపాయిలు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారట. అదంతా తర్వాత విన్నాను. ఆ సమయానికి నేనూ లెపేకా అవ్వా వాన్లో కొండెక్కుతున్నాం. పైవాళ్ళు పస్తులున్నారని మామూలు కంటే ఎక్కువ బరువెత్తాం. కావడి రెండు వైపులా దుంపలు, సీమపనసలు, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో కట్టిన మూటలు. కర్ర భుజం మీద ఒరుసుకుంటుంటే చెయ్యి మార్చుకుంటూ నడిచాను.

వాగు రెండు పాయలుగా చీలే చోట నాకు నడుములో ఏదో తెగినట్టయింది. మొదట కాలు జారిందనుకున్నాను. తర్వాత వాన నీళ్ళతో కలిసి కాళ్ళ మీదుగా వెచ్చగా కారుతుంటే అర్థమైంది.

అవ్వ కావడి దించి నన్ను పెద్ద రాయికి ఆనించి కూర్చోబెట్టింది. ఎంతసేపో నాకు తెలియదు. వాన మాత్రం తగ్గలేదు. చేతిలో చుట్ట నలిపేసి, "గట్టిగా అరవాలంటే అరిచెయ్యి, ఇక్కడ ఎవరూ లేరు," అంది. నేను అరవలేదు. ఎందుకు అరవలేదో నాకిప్పటికీ తెలియదు. అరిస్తే సిపాయిలకు వినపడుతుందనా, కోడలి గొంతు పైకి లేవకూడదన్న అలవాటా.

ఆడపిల్ల. వేళ్ళన్నీ ఉన్నాయి. ఏడవలేదు.

అవ్వ తన ఒంటి మీది గుడ్డ చింపి చుట్టింది. ఆ రెండు పాయల మధ్య, చెట్టంత ఎదిగిన ఫెర్ను మొక్క మొదట్లో, కొబ్బరి చిప్పతో తవ్వింది. పైన నల్లరాయి దొర్లించింది. ఆవిడ చేతులకు ఆ పని కొత్త కాదు. తర్వాత నా పక్కన కూర్చుని రెండు కావళ్ళ వంకా చూసింది. నేనూ చూశాను.

"వెళ్ళు అవ్వా," అన్నాను.

"నిన్నిలా వదిలేసా?"

"వాళ్ళు తిని ఎన్నాళ్ళయిందో. వెళ్ళు."

ఆ మాట ఎవరూ నాచేత అనిపించలేదు. నేనే అన్నాను. ఆవిడ నా మీద అరటాకులు కప్పి, మొయ్యగలిగినంత మోసుకుని వెళ్ళింది. నేను ఆ రాయి పక్కన, ఆ కొత్తమట్టి వంక చూస్తూ పడుకున్నాను. పైనుంచి నీళ్ళు పారుతున్నాయి. సన్నటి మట్టి కరిగి పోతుంటే చెయ్యి చాచి మళ్ళీ పైకి తోశాను.

అవ్వ తిరిగి వచ్చేసరికి వాన వెలిసింది.

"సెమిసికి చెప్పావా?"

"గుంపులో ఎలా చెప్పను? పక్కకు పిలిచాను, తింటున్నాను ఉండు అన్నాడు." చెప్పాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. "ఉప్పు ఎందుకు పంపలేదని అడిగాడు."

ఉప్పు నిజంగానే మర్చిపోయాను.

ఆ సాయంత్రం పెలే నన్ను చూడగానే ఆకులు వేసి నీళ్ళు కాచింది. ఆ మోకాళ్ళతో వంగి నా ఒళ్ళు తనే తుడిచింది. పెళ్ళయిన తర్వాత ఆ ఇంట్లో ఒకరు నా ఒంటి మీద నీళ్ళు పొయ్యడం అదే మొదలు. "నాకూ ఒకటి ఇలాగే పోయింది," అంది, గుడ్డ పిండుతూ. "అప్పుడు నేనూ కొత్త కోడల్నే. ఎవరికీ చెప్పలేదు." నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుందామనుకున్నాను. పెట్టుకోలేదు. పెట్టుకుంటే కాదనేది కాదేమో.

కొన్నాళ్ళకి దొరలకీ పెద్దలకీ ఏదో మాట కుదిరింది. మగవాళ్ళు దిగివచ్చారు. ఊరంతా ఒడ్డున నిలబడి ఏడ్చింది. సెమిసి చిక్కి సగమయ్యాడు. తల్లిని కావలించుకున్నాడు, అక్క పాదాల దగ్గర కూర్చున్నాడు. తర్వాత నా వంక చూశాడు. చూపు పొట్ట దగ్గర ఆగింది.

నేను నోరు తెరిచేలోపల పెలే అంది, "నిలవలేదురా. ఎత్తకూడని బరువులెత్తింది."

నేను ఆవిడ మొహం చూశాను. నాకు నీళ్ళు పోసిన మొహమే. కొడుకు ఎదురుగా మాత్రం వేరే మనిషి. ఏ బరువులో, ఎవరి కోసమో ఆవిడకు తెలియదా?

"పోనీలే," అన్నాడు సెమిసి నా భుజం తట్టి. "ఇంకోడు పుడతాడు."

అంతే. ఆ తర్వాత అతనికి ఆకలి వేసింది.

పెద్ద విందు చేశారు. వంటపాకలో పొగకు కళ్ళు మండుతున్నాయి. నేనూ తక్కిన కోడళ్ళూ ఆకులు పరిచి, దుంపలు పెట్టి, విసనకర్రలతో ఈగలు తోలుతున్నాం. ఊరి తరఫున మాట్లాడే పెద్ద లేచి చేతికర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన గొంతు విప్పితే సముద్రం కూడా ఆగి వింటుందంటారు. మగవాళ్ళ ఓర్పు గురించి చెప్పాడు. చలి గురించి, పుళ్ళ గురించి చెప్పాడు. "మన అడవి మనల్ని కన్నతల్లిలా సాకింది," అన్నాడు. "ఆకలేసినప్పుడల్లా అడవే మనకు అన్నం పెట్టింది." మగవాళ్ళు తలలూపారు. సెమిసి కూడా ఊపాడు.

నా పక్కన లెపేకా అవ్వ ఈగలు తోలడం ఆపి, "అడవికి భుజాలు కాయలు కాశాయి పాపం," అంది. కోడళ్ళందరూ తలలు వంచుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చివర్లో అసలు మాట చెప్పాడు ఆయన. మగవాళ్ళు తిరిగి వచ్చారు కాబట్టి ఇక ఆడవాళ్ళు రోడ్డెక్కనక్కర్లేదు. దొరలకు కూడా అదే మాట ఇచ్చారట. నీలం బట్టలు లోపల పెట్టెయ్యాలి.

విందయ్యాక నేను కుండలు తోముతుంటే వంటపాక గుమ్మంలో నీడ పడింది. తాలితా. ఆ పాకలోకి ఆమె ఎప్పుడూ అడుగుపెట్టగా చూడలేదు. వచ్చి బూడిద పక్కన, నేల మీద కూర్చుంది.

"నన్ను అడగను కూడా అడగలేదు," అంది. "నా సొంత తమ్ముడు. 'అయిపోయింది కదా అక్కా, ఇంట్లో కూర్చో' అన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నాడు వాడు?"

నాతో మాట్లాడుతున్నాననుకున్నాడు వదినా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అడవి పెట్టిందట అన్నం. నువ్వు పెట్టావు. నాకు తెలుసు." బూడిద వంక చూస్తూ అంది, "నాకు అప్పుడే తెలుసు ఎసెతా. చెప్పాలనిపించలేదంతే."

అప్పుడు చెప్పాను. వాన, వాగు, ఉప్పు. బిడ్డ ఇంట్లోనే పోయిందనుకుంది ఆమె. తను పాడుకుంటూ నడిచిన రోజే అని తెలిశాక, తోముతున్న కుండ నా చేతిలోంచి తీసుకుని తోమడం మొదలుపెట్టింది. సరిగా రావడం లేదు. అయినా తోమింది.

మర్నాడు తను పెద్దల సభకు వెళ్ళింది. ఇంటి ఆడపిల్ల వస్తే ఆపేవాళ్ళు లేరు. అందరి ముందూ నిలబడి చెప్పింది. మీ తిండి మోస్తూ నా మరదలు బిడ్డను పోగొట్టుకుంది, ఆ దుంపలు మీరు తిన్నారు, ఉప్పు లేదన్నారు, అని. సిగ్గుపడతారనుకుంది పాపం.

నేను బయట తడిక పక్కన నిలబడి విన్నాను. తర్వాత ఆ మాటకారి పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఏదో కొత్త ఉత్సాహం. "సెమిసీ, లే నాయనా," అన్నాడు. "తన వంశాన్నే దేశానికి ధార పోసినవాడు నీలా ఎవరున్నారు? నీ త్యాగం ఈ ఊరికి గౌరవం." పెద్దలందరూ గొంతులు కలిపారు. సభలో పెద్దలు తాగే కావా పానీయం మొదటి చిప్ప ఆ రోజు సెమిసికి ఇచ్చారు. అతని వయసువాళ్ళకు ఎప్పుడూ అందని గౌరవం. సెమిసి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. నిజంగానే, అప్పుడే బిడ్డ పోయినట్టు ఏడ్చాడు. తాలితా బయటికి వచ్చి నా మొహం చూడలేక తల తిప్పుకుంది.

సాయంత్రం సెమిసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతులో ఇంతకుముందు లేని మర్యాద.

"ఎక్కడ పెట్టారు ఎసెతా?"

"ఎందుకు?"

"తెచ్చి ఇంటి ముందు పెడదామన్నారు. నాన్న సమాధి పక్కన. రాయి వేయిస్తారట. అందరూ వస్తారు, పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. నాన్న పేరే పెడదాం, అనుకున్నాం కదా."

"ఆడపిల్ల."

ఒక్క క్షణం అతని మొహంలో ఏదో తగ్గింది. "పర్లేదు," అన్నాడు. "రాయి మీద నా బిడ్డ అని ఉంటుంది కదా."

ఆ రాయి నాకు కనబడింది. దాని ముందు ఆగి తల వంచే మనుషులు కనబడ్డారు. వచ్చినవాళ్ళకు వెనకనుంచి నేను కొబ్బరినీళ్ళు అందిస్తుండటం కూడా కనబడింది. నాకు ఆ చోటు ఎంత స్పష్టంగా తెలుసో. రెండు పాయలు, ఫెర్ను, నల్లరాయి, కరిగిపోతుంటే నేను చేత్తో తోసిన మట్టి. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్న నేల అదొక్కటే.

"గుర్తు లేదు," అన్నాను.

"గుర్తు లేకపోవడమేమిటి?"

"వానలో ఏమీ కనబడలేదు. నాకు ఒంటి మీద స్పృహ లేదు."

"లెపేకా అవ్వకి తెలిసే ఉంటుంది."

"అడగండి."

అడిగాడు. అవ్వ అతని మొహాన పొగ వదిలి, "నా చుట్ట ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు నాయనా," అంది. తర్వాత కంచె మీదుగా నా వంక ఒకసారి చూసింది. అంతే. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పెద్దలు ఇచ్చిన మాట ఆడవాళ్ళెవరూ నిలబెట్టలేదు. ఊరూరా ఆడవాళ్ళ మావు ఇంకా నడుస్తూనే ఉంది. తాలితా మళ్ళీ నీలం బట్ట తీసిన ఉదయం, ఇంకొకటి తెచ్చి నా ఒళ్ళో వేసింది. తనే ఉతికినట్టుంది, గీత సగమే తెల్లబడింది. "ఇద్దరూ పోతే ఇంట్లో పనెవరు చూస్తారు?" అని పెలే అరుస్తుంటే కట్టుకుని బయల్దేరాను. సెమిసి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. తాలితా ఉందని తప్పుకున్నాడు. దారిలో ఆడపిల్లలు కొందరు నన్ను చూసి గుసగుసలాడారు. కోడళ్ళు వెనక నడవాలన్నారు. నేను వెనకే నడిచాను. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఏం చేసుకోవాలో తెలియక చాలా దూరం ఊపుకుంటూ నడిచాను.

మాకు తర్వాత పిల్లలు పుట్టారు, బతికారు. తాలితా పోయింది, లెపేకా అవ్వ పోయింది. ఏళ్ళు గడిచాక ఆపియాలో మా సొంత జెండా ఎగిరింది. ఆ రోజు మావు పెద్దమనుషులకు ముందు వరసలో కుర్చీలు వేశారు. సెమిసి తెల్ల జుట్టుతో, చేతికర్రతో అక్కడ కూర్చున్నాడు. ఆడవాళ్ళం గుడారం వెనక నిలబడి చూశాం. జెండా పైకి వెళ్తుంటే నేనూ ఏడ్చాను. అది నాది కాదని ఎవరంటారు?

బస్సులో తిరిగి వస్తుంటే అతను కొండల వంక చూస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడైనా చెప్పు ఎసెతా. ఒక్కసారి చూసి వస్తాను."

అతని చెయ్యి ముసలిదైంది, ఎముకలు తగులుతున్నాయి. జాలేసింది. నిజంగా జాలేసింది.

"గుర్తు లేదు," అన్నాను.

ఈసారి అతను నమ్మలేదు. నమ్మించాలని నేనూ చూడలేదు.